అక్క పెట్టిన జాయింటు

మా అక్క ముప్పై ఏళ్ళు ఒక ఫ్యాక్టరీలో సర్క్యూట్ బోర్డులకు వైర్లు అతికే సోల్డరింగ్ పని చేసింది. తన చేతి మీదుగా వెళ్ళిన బోర్డు ఒక్కటీ వెనక్కి రాలేదని లాలాగూడలో మాకు పాలు పోసే ఆయనకు కూడా తెలుసు, ఎందుకంటే అందరికీ తనే చెప్పేది. అమ్మానాన్నలు పోయాక నన్ను చదివించిందీ తనే. నేను డేటా సైన్స్ ఉద్యోగంలో చేరాక, "దినమంత ఏం జేస్తవే ఆఫీసుల?" అని అడిగేది. అంకెలు చూస్తానంటే నవ్వేది.

ఆ నవ్వు నాకు గుచ్చుకునేది. నిజానికి నా పని మీద నాకే విసుగు పుట్టింది. ఎవరో కొలిచి పంపిన అంకెల మీద ఎన్నాళ్ళని పెత్తనం చేస్తాను? అవి పుట్టే చోటు ఒకసారి చూడాలనిపించింది. సెలవు రోజుల్లో ఆన్‌లైన్ పాఠాలు విని, ఒక చిన్న కంట్రోలర్ బోర్డు, బరువు కొలిచే సెన్సార్ తెచ్చుకున్నాను. వైఫైకి కలిపితే ఐదు నిమిషాలకోసారి అంకె నా లాప్‌టాప్‌లో వచ్చి పడుతుంది. దేని కింద పెట్టాలా అని చూస్తే వంటింట్లో మంచినీళ్ళ మట్టికుండ, మా రంజన్ కనిపించింది. ఇంట్లో ఉండేది మేమిద్దరమే. ఏ వేళకు ఎంత నీరు తాగుతామో ముందే చెప్పే మోడల్ తయారు చేసి ఆఫీసులో చూపించుకోవాలని నా ఆశ.

సెన్సార్ వైర్లు వెంట్రుకల్లా ఉంటాయి. నేను మూడుసార్లు వేలు కాల్చుకున్నాక అక్క కళ్ళద్దాలు పెట్టుకుని కూర్చుంది. రిటైరై రెండేళ్ళయినా చెయ్యి వణకలేదు. "ముందుగాల వైరు వేడిజెయ్యి. సోల్డర్ దానంతటదే పారుతది. తొందర పెట్టకు" అంది. నాలుగు వైర్లకూ నాలుగు జాయింట్లు పెట్టింది. ఆ సాయంత్రం ఇద్దరం వంతులవారీగా నీళ్ళు తాగుతూ, అంకె తగ్గడం చూసి చిన్నపిల్లల్లా నవ్వుకున్నాం. అంత సంతోషంగా మేం కలిసి చేసిన పని మరొకటి గుర్తులేదు.

రెండు నెలలు అంకెలు బుద్ధిగా వచ్చాయి. తర్వాత, నేను ఆఫీసులో ఉన్న వేళల్లో బరువు దబదబా పడిపోవడం మొదలైంది. పదకొండుకు ఒక గ్లాసు, పదకొండుంబావుకు ఇంకొకటి, పన్నెండు లోపు మరో రెండు. నా మోడల్ పాడవుతోందని ఒళ్ళు మండింది.

"జాయింట్ ఊగుతున్నట్టుంది అక్కా" అన్నాను.

"నా జాయింటా?"

"మరి నాదా?"

"ఎండలకు దూపైతుంది, తాగుతున్న గదనే" అంది.

"ఎంత దూపైనా అన్ని గ్లాసులు ఎవరూ తాగరు."

నేను చదువుకున్నదాన్ని కదా, నమ్మింది. మర్నాడు నాలుగూ ఊడదీసి మళ్ళీ పెట్టింది. అంకెలు మారలేదు. వారం తర్వాత మళ్ళీ పెట్టింది. మూడోసారి కళ్ళద్దాలు తుడుచుకుని, "కండ్లు జెర మసకైనయేమో" అంది. వయసొచ్చింది కదా అన్నాను. ఆ మాట అన్న నోరు నాదే.

చివరికి ఆ అంకెలన్నీ తప్పులని తీసేశాను. అక్క పక్కనే కూర్చుని చూస్తూ, "బియ్యంల రాళ్ళేరినట్టా?" అంది.

"అంతే."

"ఏరినయి ఏడ పడేస్తవ్?"

"పడేయను. పక్కన ఇంకో ఫైల్లో ఉంటాయి."

శుభ్రం చేశాక మోడల్ బ్రహ్మాండంగా కుదిరింది. ఆఫీసులో మెచ్చుకున్నారు. అక్కకిష్టమని ఆ రోజు డబుల్ కా మీఠా తెచ్చాను. రెండు గిన్నెలు తింది.

పది రోజులకు, పొద్దున్నే వంటింట్లో పడిపోయింది. ఆసుపత్రిలో రక్తపరీక్ష చూసి, షుగర్ విపరీతంగా ఉందని, ఇన్‌ఫెక్షన్ రక్తంలోకి పాకిందని చెప్పారు. "నీళ్ళు ఎక్కువగా తాగడం ఎప్పటి నుంచి?" అని డాక్టరు అడిగారు.

"గమనించలేదండీ" అన్నాను. అంటూ ఉండగానే నాకు అర్థమైంది. ఏ రోజు మొదలైందో, ఏ గంటకు ఎన్ని గ్లాసులో అన్నీ నా దగ్గరున్నాయి.

ఐసీయూలోకి తీసుకెళ్తుంటే అక్క నా చెయ్యి పట్టుకుంది. "ఇంటికి పోయినంక ఇంకోసారి పెడతలే ఆ జాయింటు. ఈసారి సక్కగ పెడత" అంది.

నీ జాయింట్ సరిగ్గానే ఉందక్కా, తప్పు నాది అని చెప్పాలి. పక్కన డాక్టరున్నారు. సిగ్గేసింది. ఇంటికొచ్చాక చెబుదాంలే అనుకున్నాను.

"సరే అక్కా" అన్నాను.

అక్క ఇంటికి రాలేదు. పదకొండో రోజు అయ్యాక ఆ పక్క ఫైల్ తెరిచాను. దాంట్లో అంతా అక్క దాహమే ఉంది. మొన్న కొలపాత్రతో రంజన్‌లో లీటరు నీళ్ళు పోసి చూశాను. సెన్సార్ సరిగ్గా కిలో బరువు పెరిగినట్టే చూపించింది. ముప్పై ఏళ్ళలో ఒక్క బోర్డు వెనక్కి రాని మనిషి, తన ఆఖరి బోర్డు చెడిపోయిందనుకునే పోయింది. అట్లా అనుకోనిచ్చింది నేను.