బాబాయి కాగితం సంచులు

బాబాయికి ఏదైనా తెరిచి ఉంటే ఊపిరాడదు, వెంటనే దానికో కాగితం సంచి తొడగాల్సిందే. మొక్కల తోటలో పువ్వుకూ పువ్వుకూ జత కలిపే ఉద్యోగం ఆయనది. పరాయి పుప్పొడి పడకుండా పువ్వుకు సంచి కట్టడం ఆ పనిలో భాగమే. కానీ టీ గ్లాసుకూ, కళ్ళజోడుకూ, ఒకసారి ఆవలిస్తున్న సూపరింటెండెంటు గారి నోటికీ తొడగబోయాడంటే ఏమనాలి!

అదే తోటలో మైక్రోస్కోపు దగ్గర పనిచేసే అన్న కూతురికి ఆయన్ని చూస్తే నవ్వాగదు. ఒక్క మూలనున్న మడి దగ్గర మాత్రం నవ్వు రాదు. పిన్ని పోయేముందు రెండు జాతులను కలిపి పుట్టించిన పసుపుపూల మొక్క అక్కడుంది. ఏటా విరగబూస్తుంది. గింజ కట్టదు.

"తల్లి క్రోమోజోములూ తండ్రి క్రోమోజోములూ ఒకదాన్నొకటి ఎరగవు బాబాయ్. జత కుదరందే గింజెలా వస్తుంది?"

"తెలుసులేవే," అంటూనే ఆయన కుంచెతో ఆ పూల పుప్పొడే వాటికి అద్ది, సంచి కట్టేవాడు.

"రాని గింజకి కాపలా ఎందుకు?"

"వస్తే? తేనెటీగ తెచ్చిన పుప్పొడితో వచ్చిందనుకో, నా మనసు ఒప్పుకుంటుందా?"

పన్నెండేళ్ళు. ప్రతి ఏడూ సంచి విప్పి, చెవి దగ్గర ఆడించి, మెల్లగా మడిచి జేబులో పెట్టుకునేవాడు. ఆ మడత చూడలేక ఆమె తల తిప్పుకునేది.

ఈ ఏడు సూపరింటెండెంటు గారు, "వానలు పడేలోగా ఆ గొడ్డుమొక్క పీకించండి," అన్నారు. బాబాయి ఆ పూట టీకి సంచి తొడగలేదు. ఆమెకు భయం వేసింది.

మర్నాడు తనే మడి దగ్గరికి వెళ్ళింది. ఒక రెమ్మకు ఆకులు దళసరిగా, పూలు పెద్దవిగా ఉన్నాయి. మొగ్గ తెచ్చి మైక్రోస్కోపు కింద పెట్టింది.

"బాబాయ్! ఈ రెమ్మలో క్రోమోజోములన్నీ రెట్టింపయ్యాయి. ప్రతిదానికీ తనలాంటి జత దొరికింది!"

"ఎవరు చేశారే?"

"ఎవరూ చెయ్యలేదు."

"అలా అనకు," అని ఆయన పైకి చూసి దణ్ణం పెట్టాడు.

వానలకు రెండు రోజుల ముందు, ఆ రెమ్మ పూలకు కట్టిన సంచి గలగలమంది. పదకొండు గింజలు!

బాబాయి పెట్టె తెరిచి పాత సంచులు తీశాడు. ఒక్కోదాని మీద ఒక్కో రాత: ఊడ్చే అక్కకి, వాచ్‌మన్ మామకి, అమ్మాయికి...

"ఇవేంటి?"

"మొదటి గింజ నీకేనని మీ పిన్ని పదకొండు మందికి మాటిచ్చి పోయింది, మహాతల్లి! ఎవర్ని కాదనను?"

సూపరింటెండెంటు గారికీ ఒక సంచి అందింది. దాన్ని పట్టుకుని ఆయన ఆ పూటంతా ఆవలించలేదు.

"మరి నీకో?" అందామె.

"నాకు మాటివ్వలేదుగా. రోజుకొకరింటికి వెళ్ళి చూసొస్తాను."

అన్నట్టే ఒక సాయంత్రం ఆమె ఇంటికొచ్చాడు. కుండీలో రెండాకుల మొలక. దాన్ని చూస్తూ కూర్చుండిపోయాడు. పక్కన టీ చల్లారిపోతోంది.

ఆమె చప్పుడు చెయ్యకుండా లోపలికి వెళ్ళి, ఒక కాగితం సంచి తెచ్చి గ్లాసుకు తొడిగింది.