ఆజుర్ నెలలో పుట్టిన గిర్దావరు

మొన్న బట్టల బీరువా తెరిస్తే డాంబరు గోలీల వాసన గుప్పుమంది. పాత ఫైళ్ల మధ్య అవే గోలీలు వేసేవాళ్లం; ఆ వాసన తగిలితే చాలు, నిజామాబాద్ ఆఫీసు పింఛన్ల సెక్షన్‌లో మా సూపరింటెండెంట్ నర్సింలు సార్ కళ్లద్దాల పైనుంచి చూసే చూపు గుర్తొస్తుంది. అబ్బ, ఏం అనుమానం మనిషి! చాయ్ తెచ్చినవాణ్ణి కూడా "ఇప్పటిదేనా, పొద్దుగాలదా?" అని అడగనిదే తాగేవాడు కాదు. కొత్తగా చేరిన నాకు ఆయన చెప్పిన మొదటి మాట, "మనిషి మాట తర్వాత. ముందుగాల కాయితం సూడు."

ఎనభైల మొదట్లో బోధన్ వైపు ఊళ్లలో భూముల లెక్కలు చూసే గిర్దావరు సాయన్న రిటైరయ్యాడు. మొదటి కొన్నేళ్లు నిజాం సర్కారు కొలువు, మిగతాది మన ప్రభుత్వంలో. రెండూ కలిస్తేనే పూర్తి పింఛను. పాత సర్వీసు పుస్తకం ఉర్దూలో ఉంది, తేదీలన్నీ నిజాం సర్కారు వాడిన ఫసలీ క్యాలెండరు లెక్కలో ఉన్నాయి. ఒక మౌల్వీగారితో చదివించి, ఫసలీ సాలుకు 591 కలిపి ఇంగ్లిషు సంవత్సరాల్లోకి నేనే మార్చాను. చూస్తే, కొలువుకు కావలసిన పద్దెనిమిదేళ్లు నిండకుండానే చేరాడు! నాకు ఒళ్లు మండింది. దొంగ వయసు చెప్పాడనీ, నిజాం కాలపు సర్వీసు చెల్లదనీ రాశాను. ఎన్నడూ లేనిది, సార్ చదవకుండానే సంతకం పెట్టాడు.

ఆర్నెల్లు తిరిగాడు సాయన్న. వచ్చినప్పుడల్లా ఒకటే మాట: "నేను అబద్ధం చెప్పలే బిడ్డా." దొంగలందరూ అదే అంటారనుకుని నేను తల కూడా ఎత్తేదాన్ని కాదు.

ఒకరోజు సార్ ఆ ఫైలు తెప్పించుకుని నన్ను పిలిచాడు.

"ఈయన పుట్టింది ఆజుర్ నెల. అదెప్పుడస్తది?"

"తెల్వదు సార్."

"ఫసలీ సాలు షురువయ్యేదే ఆజుర్‌తోని, మన అక్టోబర్ల. దీనికి ఒకటి తక్కువ, 590 కలపాలె. జనవరి నుంచి వచ్చే నెలలకు కలిపే అంకెనే దీనికి గూడ కలిపినవ్. ఆయనను ఏడాది చిన్నోణ్ణి చేసినవ్." ఫైలు నా ముందుకు తోసి అన్నాడు: "అందరి లెక్క అనుమానించుమన్న గని, నీ లెక్క వదిలెయ్యమన్ననా? నేను గూడ నిన్ను నమ్మి దస్కతు పెడితి."

సిగ్గుతో చచ్చిపోయాను. సాయన్నను పిలిపించి, "నువ్వే చెప్పు" అన్నాడు సార్ నాతో. తప్పు నాదేనని చెప్పాను. సాయన్న కోప్పడలేదు. కండువాతో ముఖం తుడుచుకున్నాడు.

"ఆర్నెల్ల సంది మా ఇంటామె గూడ నన్ను దొంగను సూసినట్టు సూస్తున్నది. 'నాకు గూడ ఏమేం అబద్ధాలు చెప్పినవో' అంటది. గీ మాట ఆమెకు గూడ చెప్తవా బిడ్డా?"

మర్నాడు బోధన్ బస్సెక్కాను. పింఛను పూర్తిగా వస్తుందని సాయన్న భార్యకు చెప్పాను, లెక్క తప్పింది నేనేనన్నాను. గడపలో నిలబడే అంతా విన్నదామె. ఆ తర్వాత నా సర్వీసంతా, ఎవరి ఫైలు మీదైనా అభ్యంతరం రాసే ముందు నా లెక్క రెండుసార్లు చేసేదాన్ని. అయినా ఆ రోజు ఆమె అడిగిన మాట ఇప్పటికీ నన్ను వదల్లేదు.

"నిజంగనే నీ తప్పా? లేకపోతే, చెప్పుమని ఈయన నిన్ను తోలుకొచ్చిండా?"