కుళాయిగారి కళ్ళజోడు

కన్నవాళ్ళు పెట్టిన పేరు ఒకటుంది గానీ, అది పెన్షను కాగితాల మీద తప్ప ఎక్కడా ఆయనకి పనికి రాలేదు. డిపోలో పెట్టిన పేరే నిలిచింది. కుళాయి. ముప్ఫై మూడేళ్ళు బస్సు కండక్టరుగా చేసిన మనిషి, ఎవరో తల్లి ఎవరో కొడుకుని సాగనంపుతుంటే టికెట్టు కొడుతూ తనూ ముక్కు ఎగబీల్చేవాడు. డ్రైవరు వెనక్కి తిరిగి, “అన్నా, వాళ్ళ ఏడుపు అయిపోయింది. నీదెప్పుడవుతుందో చెబితే బండి తీస్తా” అనేవాడు. సినిమాలకి అందరూ ఏడుస్తారు, ఈయన సబ్బు ప్రకటనలకి కూడా ఏడ్చేవాడు.

భార్య రాయి అనలేం గానీ, రాయికి పొరుగింటి మనిషి. టెలిఫోను ఎక్స్‌ఛేంజిలో పాతికేళ్ళు పనిచేసింది. పెళ్ళి కబురుకీ చావు కబురుకీ ఒకే గొంతుతో లైను కలిపిన అలవాటు ఆవిడది. “నవ్వే ఆడదాన్నీ ఏడ్చే మగాణ్ణీ నమ్మకూడదంటారు. నేను నవ్వను, మీరు ఏడుస్తారు. ఇక ఈ ఇంట్లో ఎవర్ని నమ్మాలో మీరే చెప్పండి” అనేది.

రిటైరయ్యాక ఆ కన్నీళ్ళే ఆయనకి ఉద్యోగం తెచ్చిపెట్టాయి. బీపీ మాత్రల కోసం పెద్దాసుపత్రి లైన్లో నిలబడి, ముందున్న మనిషి గోడంతా విని, ఆ మనిషి కంటే ఎక్కువ ఏడుస్తుంటే అటుగా వెళ్తున్న ఒక పెద్ద డాక్టరమ్మ చూసింది. కుర్ర డాక్టర్లకి రోగులతో మాట్లాడటం నేర్పే ఆవిడ. పక్కకి పిలిచి, “మీరు ఇలా ఎప్పుడంటే అప్పుడు ఏడవగలరా?” అని అడిగింది. అవమానించడానికి అడుగుతోందేమో అనుకున్నాడు. కాదు, పని ఇస్తానంటోంది.

పనేమిటంటే రోగి వేషం. ఆసుపత్రి మూడో అంతస్తులో ఒక గది ఉంది. అచ్చం కింద డాక్టర్లు రోగుల్ని చూసే గదుల్లాగే కట్టించారు. ఒక బల్ల, డాక్టరుకి చక్రాల కుర్చీ, రోగి వైపు రెండు కుర్చీలు, కాగితపు రుమాళ్ళ పెట్టె. రెండు కుర్చీల్లో తలుపుకి దూరంగా ఉన్నదాంట్లో ఈయన కూర్చుంటాడు, పక్కదాంట్లో ఈయన సంచీ కూర్చుంటుంది. చేతికి ఒక చీటీ ఇస్తారు. ‘మూడు నెలలుగా ముద్ద దిగడం లేదు. నీళ్ళు తాగితే గానీ లోపలికి పోవడం లేదు. బరువు తగ్గారు. ముక్క తీసి పరీక్షకి పంపారు. ఫలితం కోసం వచ్చారు.’ కుర్ర డాక్టర్లు ఒక్కొక్కరే తలుపు తీసుకుని వచ్చి, మీకు కేన్సరండీ అని చెప్పాలి. ఈయన విని, కుదిరినంత ఏడవాలి. తర్వాత మార్కులు వెయ్యాలి. రోజుకి ఎనిమిది మంది.

చావు కబురు చల్లగా చెప్పాడని ఊరికే తిడతాం గానీ, అలా కాకుండా చెప్పడం ఎంత కష్టమో ఆయనకి ఆ గదిలోనే తెలిసింది. ఒకడు కంప్యూటరుకి చెప్పేవాడు. ఒకడు ఆ మాట అనలేక గడ్డ అని, పెరుగుదల అని, కణాలని, పది నిమిషాలు నీళ్ళు నమిలి, చివరికి “అర్థమైంది కదా” అని లేచిపోయేవాడు. ఒకడైతే తలుపు తియ్యగానే చెప్పేసి, ఈయన ఏడుపు అందుకునేలోపే మందుల పేర్లు చదవడం మొదలుపెట్టాడు. “బాబూ, స్టాపు రాకముందే దింపేశావు” అని ఈయన వాడికి సున్నా వేశాడు.

దారి మరీ తప్పితే ఆపడానికి పెద్ద డాక్టరమ్మ ఒక గుర్తు పెట్టింది. ఈయన కళ్ళజోడు తీసేస్తే ఆట ఆగిపోవాలి. కుర్ర డాక్టరు లేచి బయటికి వెళ్ళి, తలుపు దగ్గర్నుంచి మళ్ళీ మొదలుపెట్టాలి. ఏమీ జరగనట్టే, ఎవరికీ ఏ జబ్బూ లేనట్టే.

అన్నిట్లోకీ ఒక విషయంలో ఆయన చండశాసనుడు. చెప్పేది రోగి మొహం చూసి రోగికే చెప్పాలి, పక్కనున్న వాళ్ళకి కాదు. పరీక్ష కోసం ఒక్కోసారి పక్క కుర్చీలో ఎవరో ఒకర్ని కొడుకు వేషంలో కూర్చోబెట్టేవారు. డాక్టరు చూపు ఆ కొడుకు వైపు తిరిగిందా, ఈయన చెయ్యి కళ్ళజోడు మీదికి వెళ్ళేది.

ఆ పట్టుదల వెనక వదిన ఉంది. భార్యకి తోడబుట్టిన అక్క. ఆవిడకి ఆ జబ్బే వస్తే భర్తా పిల్లలూ కూడబలుక్కుని కడుపులో పుండు అని చెప్పారు. ఒక మధ్యాహ్నం గదిలో ఎవరూ లేనప్పుడు వదిన ఈయన్ని దగ్గరికి పిలిచింది. “మరిదీ, నీకు అబద్ధం చెప్పడం రాదు. నాకేమైందో చెప్పు” అంది. ఈయన నీళ్ళ గదిలోకి వెళ్ళి, ఏడుపు వినపడకుండా పంపు తిప్పుకుని, మొహం కడుక్కుని వచ్చేసరికి ఆవిడ గోడ వైపు తిరిగి పడుకుంది. మళ్ళీ ఎవర్నీ ఏమీ అడగలేదు. రెండు నెలలకి పోయింది.

భార్య అప్పుడు కూడా ఏడవలేదు. ఇంటికొచ్చాక ఒకటే మాట అంది. “రెండు నెలలు అక్క పక్కన కూర్చుని ఎండల గురించీ వానల గురించీ మాట్లాడాను. దానికి తెలుసని నాకు తెలుసు, నాకు తెలుసని దానికి తెలుసు. నాకలాంటిది వస్తే డాక్టరు నోటి నుంచి నేనే వినాలి. మీరు ముందు విని, మొహం కడుక్కుని వచ్చి, ఏం లేదులే అన్నారనుకోండి, ఆ రోజుతో మీకూ నాకూ మాటల్లేవు.”

ఆయన మాటిచ్చాడు. ఆ తర్వాత ఆ జబ్బు పేరే ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. అందుకే కొత్త ఉద్యోగం గురించి చెప్పాల్సి వచ్చినప్పుడు మోకాళ్ళ నొప్పి రోగి వేషం అని చెప్పాడు. “మోకాళ్ళ నొప్పికి కళ్ళు అంత వాచాలా?” అనేది భార్య సాయంత్రం ఆయన మొహం చూసి.

మూడో అంతస్తు గదిలో ఆయన ఎక్కువ కష్టపడింది ఒక అమ్మాయి కోసం. వణుకు అని పేరు పెట్టాడు, మనసులోనే. తెల్ల కోటు జేబులో పెట్టుకున్నా చేతులు వణుకుతున్నట్టు తెలిసిపోయేది. కూర్చోకముందే సారీ అనేది. మూడుసార్లు తప్పింది. నాలుగోసారికి ముందు వరండాలో మంచినీళ్ళ ఫిల్టరు దగ్గర ఏడుస్తుంటే, ఏడ్చేవాళ్ళని చూసి ఊరుకోలేని మనిషి కదా, తనూ కాసేపు ఏడ్చి తర్వాత పాఠం చెప్పాడు.

“ముందు తలుపు చప్పుడు కాకుండా వెయ్యమ్మా. ఫోను నోరు మూసి జేబులో పెట్టు. కుర్చీ బల్ల వెనక ఉంచకు, ముందుకి లాక్కో, మోకాలికి మోకాలు తగిలేంత. మీకు ఎంతవరకు తెలుసు అని అడుగు. అడిగి, విను.”

“చేతులు వణికితే, బాబాయ్?”

“వణకనీ. నేనేం తగ్గించను.”

ఆ రోజు ఆ పిల్ల చెప్పిన తీరుకి ఆయన నిజంగానే ఏడ్చాడు. పదికి పది వేశాడు. పాసై, కింద గదుల్లోనే డాక్టరుగా చేరింది.

ఆ తర్వాత ఒక ఆదివారం భోజనాల దగ్గర భార్య చెయ్యి ఆపి, గ్లాసు అందుకుని, మామూలుగా అంది. “ఈ మధ్య ముద్ద దిగడం లేదండీ. నీళ్ళు తాగితే గానీ లోపలికి పోవడం లేదు.”

చీటీలో మాట. రెండేళ్ళుగా రోజుకి ఎనిమిది సార్లు తను చెప్పే మాట. భార్య చీర కుచ్చిళ్ళ దగ్గర వదులైందని, గాజులు మోచేతి దాకా జారుతున్నాయని ఆయన అప్పుడు చూశాడు. ఎన్ని నెలలైందని అడిగాడు. మూడు అంది. ప్రపంచంలో ఎవరి జబ్బు గురించైనా ఏడ్చే మనిషి, ఎదురుగా కూర్చుని తింటున్న మనిషిని మూడు నెలలు చూడలేదు. ఆ సంగతికి ఆయన తనని తాను ఎప్పటికీ క్షమించుకోలేదు.

మర్నాడే తీసుకెళ్ళాడు. “గొంతు పరీక్ష కూడా మోకాళ్ళ డాక్టరే చేస్తారా?” అని వేళాకోళమాడుతూనే వచ్చింది. గొట్టం వేసి చూశారు. ముక్క తీసి పంపారు. పది రోజులన్నారు.

ఆ పది రోజులూ ఆయన పనిలోకి వెళ్ళాడు. ఇంట్లో ఉంటే భార్యకి మొహం చూపించాలి. అక్కడైతే ఏడవచ్చు, ఎవరూ ఎందుకని అడగరు, పైగా అది పనే. రోజుకి ఎనిమిది మంది వచ్చి ఎనిమిది రకాలుగా కేన్సరండీ అని చెప్పేవారు. ఏ ఒక్కడైనా తలుపు తీసి, “ఏం లేదండీ, వెళ్ళిరండి” అంటాడేమోనని పిచ్చి ఆశ. అలా అనడానికి వాళ్ళ చీటీలో లేదు. తలుపు తీసిన వెంటనే ఈయన కళ్ళు కారిపోతుంటే పెద్ద డాక్టరమ్మ, “వాళ్ళని నోరైనా తెరవనివ్వండి” అని నవ్వింది. చెబుదామనుకున్నాడు. చెబితే నిజమైపోతుందేమో అనిపించింది.

పదో రోజు పొద్దున్నే ఇద్దరూ వెళ్ళారు. దారిలో నర్సులూ తుడిచేవాళ్ళూ పలకరిస్తుంటే భార్య, “మోకాళ్ళకి ఇంత పలుకుబడా!” అంది. కింద డాక్టరు గదిలో కూర్చోమన్నారు. అదే బల్ల, అవే రెండు కుర్చీలు, అదే రుమాళ్ళ పెట్టె. ఆయన కాళ్ళు వాటంతట అవే తలుపుకి దూరంగా ఉన్న కుర్చీ దగ్గరికి వెళ్ళాయి. కూర్చున్నాడు. భార్య పక్కదాంట్లో, రోజూ ఆయన సంచీ ఉండే కుర్చీలో కూర్చుంది.

వచ్చింది వణుకు. ఆయన్ని చూసి బాబాయ్ అనబోయి ఆగింది. వెనక్కి తిరిగి తలుపు వేసింది. చప్పుడు కాకుండా వేసింది. ఫోను నోరు మూసి జేబులో పెట్టుకుంది.

ఆయనకి అక్కడే తెలిసిపోయింది. మంచి కబురైతే ఎవరూ తలుపు వెయ్యరు, గుమ్మంలోనే నిలబడి చెప్పేస్తారు. ఆ పిల్ల బల్ల వెనక నుంచి కుర్చీ లాక్కుంటోంది. ఆ చక్రాల చప్పుడు వినకూడదని చెవులు మూసుకోవాలనిపించింది. నేర్పింది తనే. నేర్పకపోతే ఇంకో రెండు నిమిషాలు తనకీ తెలియకుండా ఉండేది.

భార్య ఆయన వైపు వంగి, “ఎంత మర్యాదగా ఉందండీ పిల్ల” అంది గుసగుసగా.

కుర్చీ వచ్చి ఆయన మోకాళ్ళ ముందు ఆగింది. ఆ పిల్ల ఆయన కళ్ళలోకే చూస్తోంది. కష్టమైన మాట చెప్పడం ఆమె నేర్చుకున్నదే ఈ మొహానికి.

“మీకు ఎంతవరకు తెలుసో చెప్తారా?” అని అడిగింది.

“మూడు నెలలుగా ముద్ద దిగడం లేదమ్మా. నీళ్ళు తాగితే గానీ...” ఆయన నోరు దానంతట అదే చెప్పుకుపోయింది.

“మీకెక్కడండీ? నాకు కదా” అంది భార్య.

ఆ పిల్లకి అది వినపడలేదు. చేతులు వణుకుతున్నాయి, అయినా ఆపలేదు. “పరీక్షలో మనం అనుకున్నంత మంచిగా రాలేదు...” అంటోంది, ఆయనకే చెబుతోంది. చెప్పనీ అనుకున్నాడు ఆయన. నాకే చెప్పనీ. నాకే రానీ. ఇన్ని వేల సార్లు నాది కానిదాన్ని నాదేనని ఏడ్చానే, ఈ ఒక్కసారికి నాది చెయ్యి దేవుడా అనుకున్నాడు.

పక్కన భార్య కదలకుండా కూర్చుంది. ఆవిడకి అర్థమవుతోంది. అక్క కబురు కూడా ఇలాగే పక్కవాళ్ళకే చెప్పారు.

ఆయన కళ్ళజోడు తీసేశాడు.

ఆ పిల్ల వాక్యం మధ్యలో ఆగిపోయింది. అలవాటుగా సగం లేచి తలుపు వైపు చూసింది. తర్వాత తన పొరపాటు తెలిసి మొహం పాలిపోయింది. ఆయన భార్య వైపు చెయ్యి చూపించాడు. ఆ చెయ్యి ఎత్తడం కంటే బరువైన పని జన్మలో చెయ్యలేదు.

కుర్చీ పక్కకి జరిగింది. ఈసారి చక్రాలు భార్య మోకాళ్ళ ముందు ఆగాయి.

“సారీ అమ్మా. మీకే చెప్పాలి. మీకు ఎంతవరకు తెలుసు?”

భార్య భర్త మొహం కేసి ఒకసారి చూసింది. రోజూ సాయంత్రం వాచి వచ్చే ఆ కళ్ళనీ, బల్ల మీద పెట్టెనీ చూసింది. “మోకాళ్ళు కాదన్నమాట” అంది మెల్లగా. పెట్టెలోంచి ఒక రుమాలు లాగి, ముందుగానే ఆయన చేతిలో పెట్టింది. తర్వాత వీపు నిటారుగా పెట్టి, ఎక్స్‌ఛేంజి గొంతుతో, “చెప్పమ్మా. లైన్లోనే ఉన్నాను” అంది.

“పరీక్షలో మనం అనుకున్నంత మంచిగా రాలేదమ్మా” అంది ఆ పిల్ల. అని ఆగింది. మూడు లెక్కపెట్టేంత సేపు ఆగమని ఆయనే చెప్పాడు. మూడయ్యాక వచ్చే మాట ఏమిటో ఆ గదిలో ముగ్గురికీ తెలుసు.

ఒకటి. రెండు. ఆపడానికి ఆయన చెయ్యి గబగబా కళ్ళ దగ్గరికి వెళ్ళింది. కళ్ళజోడు అప్పటికే ఒళ్ళో ఉంది.