వాని కొత్త గ్రిల్లు కోసం కాసుకున్న రెండేండ్లు

మహబూబాబాద్‌ల పెల్లెట్ గ్రిల్లులు అమ్మెటోడు ఒకడున్నడు. వాని కొత్త మోడల్ ఎప్పుడొస్తదా అని రెండేండ్లు ఎదురుచూసిన నేను. కొనెటందుకు కాదు. అది వచ్చిన దినాన వాని షాపుకు పోయి, నలుగురి ముంగట దాని తప్పులన్ని ఎత్తి చూపి, వాని ముక్కు నేలకు రాయిద్దామని. గిట్ల రాస్తుంటె జర సిగ్గయితున్నది గని, అబద్ధం ఎందుకు రాయాలె? పగ వట్టిన.

మాది తండా. ఇంట్ల మా మాట వేరే, బజార్ల తెలుగు. పెండ్లయినంక నేను, మా ఆయన జనగామ దిక్కు వచ్చి రఘునాథపల్లి కాడ రోడ్డు పక్కన చిన్న కొట్టు పెట్టినం. నాటుకోడిని బూరు వీకి, మంట మీద తిప్పుకుంట కాల్చి, పసుపు రుద్ది, కారం వట్టించి మల్ల నిప్పుల మీద పెడ్తె ఆ వాసనకు పోయెటోడు బండి ఆపాల్సిందే. గని కట్టెల పొగకు నా కండ్లు ఎప్పుడు చూసినా ఎర్రగుంటుండె. దగ్గు గూడ వట్టుకున్నది. మా ఆయన ఫోన్ల ఏందో చూసి, "పెల్లెట్ గ్రిల్లు తెద్దామే, పొగ ఉండదట" అన్నడు.

పత్తికట్టె, పల్లిపొట్టు పొడిజేసి, మిషన్ల వెట్టి చాక్‌పీసు ముక్కల లెక్క గట్టిగ ఒత్తుతరు. గవే పెల్లెట్లు. గ్రిల్లు పక్కన డబ్బాల పోస్తె, అడుగున ఒక స్క్రూ తిరుక్కుంట వాటిని కొన్ని కొన్ని నిప్పు గిన్నెలకు తోస్తది. చిన్న ఫ్యాను గాలి కొడ్తది. పైన జాలి మీద కోడి కాలుతది. చెప్పెటందుకు గింతే. మహబూబాబాద్ షాపుల చూసి మోజువడి తెచ్చినం.

తెచ్చిన మొదటి ఆదివారమే మా కొంప మునిగింది. పొద్దుగాల్నే డబ్బా నింపి తయారుగ పెట్టిన. పదకొండింటికి జనం జమైండ్రు. కొత్త మిషన్ చూసెటందుకు వచ్చినోళ్లే సగం మంది. జాలి నిండ కోళ్లు పెట్టిన. కొద్దిసేపు మంచిగనే నడిచింది. తర్వాత లోపల కిర్రుకిర్రుమని సప్పుడొచ్చింది, స్క్రూ ఆగిపోయింది. నిప్పు ఎనుకకు మర్రి, గొట్టంలకెల్లి డబ్బాలకు పాకింది. ఇగ చూడు పొగ! కట్టెల పొయ్యికి గూడ గంత పొగ చూడలె నేను. కోళ్లు ఒక దిక్కు మసి, ఒక దిక్కు పచ్చి.

ఫోన్ చేస్తె షాపాయన ఆ పొద్దే బండేసుకొని వచ్చిండు. రాలేదనను. డబ్బా మూత తీసి లోపలికి తొంగి చూసిండు. చూసి నవ్విండు. నా దిక్కు గూడ మర్రలె, జనం దిక్కు మర్రి అన్నడు: "తండాల పుట్టినోళ్లకు గివన్ని ఎందుకన్నా? మూడు రాళ్లు పెట్టి కట్టెలు ముట్టిస్తె సరిపాయె."

జనం నవ్విండ్రు. రోజు మా కొట్టు కాడ తినెటోళ్లు గూడ నవ్విండ్రు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది గని నోట మాట రాలె. నేనా, నోట మాట రానిదాన్నా! మా ఆయనను అడుగుండ్రి, ఇరవై ఏండ్ల సంసారంల నాతోని వాదులాడి ఎన్నడన్న గెలిచిండా? ఆ దినం మాత్రం చేతిల కారం గిన్నె వట్టుకొని దిమ్మె లెక్క నిలవడ్డ. వాడు స్క్రూ సాఫు చేసి, "ఇగ మంచిగ వాడుకో అక్కా. కొత్త మోడల్ వచ్చినప్పుడు షాపు కాడ అందరికి చూపిస్త, రా" అని పోయిండు.

వాడు పోయినంక మాటలన్ని వచ్చినయి. ఏం ఫాయిద? కోడి కోసుకుంట తిట్టిన, బట్టలు పిండుకుంట తిట్టిన, వాని నోట్ల మన్నువడ అని. గ్రిల్లు మీద తాటిపత్రి కప్పి మల్ల కట్టెల పొయ్యి ముట్టిచ్చిన. "బాగైంది గదనే, వాడుకుందాం" అని మా ఆయన అంటె, "దాని మొఖం నాకు చూపియ్యకు" అన్న.

గని తిట్టాలన్నా తెలివి ఉండాలె గద. మిషన్ గురించి ఏం తెల్వకుండ వాన్ని ఏమని కడిగి పారేస్త? అందుకే తెలుసుకునుడు షురువు చేసిన. జనగామల వ్యవసాయ సామాన్లు అమ్మె ఒక షాపుల ఇంకో రకం గ్రిల్లు పెట్టిండ్రు. కొనెటోళ్ల లెక్క పోయి దాని సుట్టు మూడుసార్లు తిరిగిన. దానికి స్క్రూ లేదు, కరెంటు వద్దు. డబ్బా ఎనుక దిక్కు ఎత్తుమీద ఉంటది, పెల్లెట్లు వాటంతట అవే జారి నిప్పుల వడ్తయి. స్క్రూ లేకుంటె ఇరుక్కునుడు లేదు గదా అని ముందుగాల్ల సంబురవడ్డ. లింగాల ఘనపూర్ తొవ్వల ఒక ధాబా ఆయన గదే వాడుతుండు, ఆయన కాడ కూసొని ఒక పూటంత చూసిన. పెల్లెట్లు జారితె ఒక్కసారే బొడబొడ జారుతయి, లేకుంటె జారనే జారయి. ఎనుక పెట్టిన ముక్క మాడుతది, ముంగటిది ఉడకది. ఆయన కట్టె వట్టుకొని డబ్బాను దబదబ కొట్టుడే సరిపోతున్నది.

గట్ల చూసుకుంట చూసుకుంట నాకు తప్పులు కనవడుడు మొదలైంది. తాటిపత్రి తీసి మా గ్రిల్లును ఇప్పి చూసిన. పది దినాలకోసారి మహబూబాబాద్‌కు ఫోన్ కొట్టుడు. "మూతకు రబ్బరు లేదేంది? వాన చెమ్మ పోదా లోపలికి?" "నూనె వడె పళ్లెం అడుగున పెట్టినవేంది? తీసెటప్పుడు చేతులు కాలితె నీ అయ్య పూస్తడా మందు?" "గొట్టం సీదా డబ్బాలకు పెట్టినవ్, నిప్పు ఎక్కదా?" వాడు "ఆ అక్కా, ఆ అక్కా" అని పెట్టేస్తుండె. ఆ మాట గురించి మాత్రం అడగలె. ఫోన్ల అడిగితె వాడు ఒక్కడే ఇంటడు. అన్నది నలుగుర్ల, అడుగుడు గూడ నలుగుర్లనే.

అగో, అప్పుడు తెలిసింది, ఆ కొత్త మోడల్ వస్తున్నదని. దసరా పోయినంక షాపు ముంగట షామియాన ఏసి అందరికి చూపిస్తడట. తండాల ఆడోళ్ల సంఘాలను గూడ పిలుస్తుండట, వాళ్లు పెట్టుకునె హోటళ్లకు అమ్మాలని. నాకైతె కాళ్లు భూమి మీద నిలవలె. ఇంకెన్ని దినాలుందో లెక్కవెట్టుకున్న.

ఆ లోపల ఇంకొకటి చూడాలనుకున్న. ధాబా ఆయన చెప్పిండు, భూపాలపల్లి అవతల టేకుమట్ల దిక్కు ఒక పెద్దమనిషి ఉన్నడు, బొగ్గు బాయిల ఫిట్టరుగ చేసి రిటైరైండు, ఇంటి ముంగట రేకుల షెడ్డుల సొంతంగ గ్రిల్లులు చేస్తడని. మా ఆయనను బండి తీయమన్న. పొద్దుగాల బయలెల్లితె పగటియాళ్లకు చేరినం.

ఆ పెద్దాయన ఎక్కువ మాట్లాడడు. చూపిచ్చిండు. ఆయన గ్రిల్లుల స్క్రూ పెల్లెట్లను ముందు పైకి ఎక్కిస్తది, ఆడికెల్లి జానెడు కిందికి రాలి నిప్పుల వడ్తయి. నడుమ ఖాళీ. నిప్పు ఎక్కుదామన్నా దానికి తొవ్వ లేదు. బాయిల బొగ్గు గూడ గట్లనే ఒక బెల్టు మీదికెల్లి ఇంకో బెల్టు మీదికి రాలుతదట. నాకు కడుపు నిండినట్టయింది. వాన్ని కొట్టెటందుకు ఇంతకన్న మంచి రాయి దొరుకదనుకున్న.

"మీది ఎట్ల ఆగింది బిడ్డా? మొదటికెల్లి చెప్పు" అన్నడు పెద్దాయన. నేను మస్తు జోరుగ చెప్పుడు షురువు చేసిన. పొద్దుగాల లేచిన, డబ్బా నింపిన, దుమ్ము లేవకుండ నీళ్లు చల్లిన, చేతితోని ఒత్తిన...

"నీళ్లు చల్లినవా?"

"చల్లిన బాపు. చల్లకుంటె కుదురుకోదు గద."

ఆయన లేచి పోయి గ్లాసుల నాలుగు పెల్లెట్లు ఏసి నీళ్లు పోసి నా ముంగట పెట్టిండు. నేను చూస్తుండంగనే అవి పగిలినయి, ఉబ్బినయి, గట్క లెక్క ముద్దయినయి. లోపలికెల్లి చాయ్ తెచ్చిచ్చిండు.

మా అవ్వ పొట్టు పొయ్యి మీద వండేది. నడుమ సీస నిలవెట్టి, సుట్టు రంపం పొట్టు పోసి, నీళ్లు చిలకరించి గట్టిగ ఒత్తితెనే అది కూలకుండ నిలుస్తది. పదేండ్ల పిల్లప్పటి సంది నా చేతులకు గదే అలవాటు. పొట్టు కనవడితె నీళ్లు చల్లాలె. పెల్లెట్లు గూడ పొట్టేనాయె, చల్లిన. తప్పు నాదే. ఇంచుమించు రెండేండ్లు ఊరంత వాని మిషన్ మీద దుమ్మెత్తి పోసిన, తప్పేమో నాది.

ఇగ పగ సల్లారుతదనుకున్నడు మా ఆయన. "పోనియ్యే ఇంక" అన్నడు తొవ్వల. ఎట్ల పోనియ్యాలె? నాకు ఇంకింత మండింది. వాడు ఆ దినం మూత తీసి చూసిండు గద. ఉబ్బిన ముద్ద వాని కండ్లకు కనవడ్డది గద. "నీళ్లు చల్లొద్దక్కా" అంటె ఒక్క మాటతోని అయిపోతుండె. ఈ పెద్దాయన అడిగినట్టు ఒక్క మాట అడిగితె అయిపోతుండె. అడగలె. నేను పుట్టిన జాగను నవ్వులపాలు చేసి పోయిండు. బండి మీద ఇంటిదాక ఏడ్చిన.

దసరా పోయింది, ఆ దినం రానే వచ్చింది. షామియాన కింద కుర్చీల నిండ జనం. ముందు వరుసల పదిహేనుమంది మా ఆడోళ్లు, తలా ఒక తండా. వాడు కొత్త గ్రిల్లు మీది గుడ్డ తీసిండు. మూత చూసిన, రబ్బరున్నది. నూనె పళ్లెం చూసిన, పక్కకెల్లి గుంజుకునేటట్టు చెక్కపిడి పెట్టిండ్రు. వంగి గొట్టం చూసిన. పైకి పోయి, జానెడు కిందికి దిగింది. నేను నెలల సంది నోటికి వట్టిచ్చుకున్న తప్పులల్ల ఒక్కటి లేదు.

వాడు నన్ను గుర్తువట్టిండు. "రా అక్కా! నువ్వు ఫోన్ల తిట్టినయన్ని రాసుకొని కంపెనీవోళ్లకు పంపిన. గిప్పుడు చూడు, ఏమన్న తప్పున్నదా?" అని నవ్విండు. నిజంగనే సంబురంగ నవ్విండు. నా తిట్లు తినుకుంట వాడు మిషన్ బాగుచేసుకున్నడు!

ముందు వరుసల ఒకామె మా తండా మాటల అడిగింది, "అక్కా, నువ్వు వాడినవట గద. తీసుకోవాల్నా, వద్దా?" అందరు నా నోటి దిక్కు చూసిండ్రు. ఒక్క అబద్ధం ఆడితె చాలు. పనికిరాదు అంటె పదిహేనుమంది లేచి పోతరు. నాలిక చివరిదాక వచ్చింది. ఆడలె. మంచితనంతోని కాదు, వానికి ఆ అవకాశం గూడ ఇయ్యొద్దని. అబద్ధమాడితె తప్పు నాదైతది.

వానికి తెల్వని మా మాటలనే చెప్పిన. మిషన్ మంచిగున్నదని చెప్పిన. పెల్లెట్ల మీద నీళ్లు చల్లొద్దని, నేను చల్లి ఆగం చేసుకున్నని, అందరి ముంగట నా తప్పు ఒప్పుకున్న. ఆ తర్వాత ఆ ఆదివారం వాడు జనం దిక్కు మర్రి ఏమన్నడో, ఒక్క ముక్క తగ్గియ్యకుండ చెప్పిన.

తర్వాత ఆ అడిగినామె కొంగు సర్దుకొని లేచింది. ఆమె ఎనుక ఇంకొకామె. పదిహేనుమంది లేచి, చెప్పులు తొడుక్కొని, బస్టాండు దిక్కు నడిచిండ్రు. వాడు పరేషానై నా కాడికి ఉరికొచ్చిండు.

"అక్కా, ఏం చెప్పినవ్ వాళ్లకు?"

"మిషన్ మంచిగున్నదని చెప్పిన."

"మరి పోతున్నరేంది?"

"నువ్వన్న మాట గూడ చెప్పిన."

"నేనేమన్న?"

వాని మొఖం నిదానంగ చూసిన, నటిస్తుండా అని. నటించుడు లేదు. రెండేండ్లు నేను తిన్నప్పుడు, పన్నప్పుడు, కోడి కాల్చినప్పుడు పండ్లు కొరికిన మాట వానికి యాది గూడ లేదు. "చెప్పక్కా, నేనేమన్న?" అని మల్ల అడిగిండు. దండం వెట్టినంత పని చేసిండు.

"యాది చేసుకో" అన్న. చెప్పలె.