తొలి స్నానం బాబాయిదే

ఇంట్లోకి ఏది కొత్తగా వచ్చినా దాన్ని మొదట వాడే హక్కు తనదేనని మా బాబాయి నమ్మకం. కొత్త కుర్చీ వేస్తే "ముందు నేను!" ఫ్రిజ్‌లోంచి నిన్నటి కూర తీస్తే "ముందు నేను!" కుర్చీ కాలు విరిగి కిందపడ్డా, కూర తిని కడుపు పట్టుకుని పడుకున్నా ఆయన బుద్ధి మారలేదు. తిక్క కుదిరిందని మేమంతా నవ్వుకునేవాళ్ళం. పిన్ని మాత్రం పళ్ళు నూరేది. "మా పెళ్ళిలో భోజనానికి అందరికన్నా ముందు కూర్చున్నది ఈయనే!"

అలాంటి మనిషి పాత సరుకుల వ్యాను కొని, మంచం, పొయ్యి, స్నానాలగది అన్నీ తానే బిగించి, చక్రాల మీద ఇల్లు తయారుచేశాడు. పిన్ని ఒక్కటే షరతు పెట్టింది. "చన్నీళ్ళు తగిలితే నా వేళ్ళు కొంకర్లు పోతాయి. వేన్నీళ్ళు లేకపోతే నేను రాను. మీరొక్కరే ఊరేగండి."

బాబాయి చిన్న గ్యాస్ గీజరు తెచ్చాడు. దానికి తొట్టి ఉండదు. కుళాయి తిప్పగానే మంట అంటుకుని, పారే నీళ్ళనే వేడిచేస్తుంది. దాన్ని వ్యాను బయటి గోడకు తగిలించి, గొట్టాలు లోపలికి లాగి, అతుకులన్నిటికీ సబ్బు నురగ రాసి, బుడగలు వస్తాయేమోనని ముక్కు ఆనించి మరీ చూశాడు.

"అయిందా?" అంది పిన్ని, తువ్వాలు భుజాన వేసుకుని.

"అయింది. ముందు నేను."

"ఎవరి కోసం పెట్టారండీ ఇది?"

"నీ కోసమే. నా తర్వాత నువ్వు."

పిన్ని ముఖం కందగడ్డ అయింది. బాబాయి తువ్వాలు కోసం ఇంట్లోకి వెళ్ళాడో లేదో, ఆవిడ వ్యానులోకి దూరి ధడాలున గడియ వేసుకుంది. నేను లోలోపల చప్పట్లు కొట్టాను.

కుళాయి తిప్పిన చప్పుడైంది. గీజరు భగ్గుమంది. అప్పుడే బయటికొచ్చిన బాబాయి గుమ్మంలోనే బిగుసుకుపోయాడు. గీజరుకు సరిగ్గా పైనే స్నానాలగది కిటికీ ఉంది. గాలికి దాని తెర లోపలికి ఉబ్బుతోంది.

"బయటికి రా!" అంటూ పరుగున వచ్చి తలుపు బాదాడు.

"రాను! ఈ ఒక్కసారీ నేనే ముందు!"

"గీజరు పొగ లోపలికొస్తోందే!"

"నాకేం వాసన రావట్లేదు!"

"అందులోని విషవాయువుకు వాసనుండదే! ప్రాణం తీస్తుంది!"

నా పై ప్రాణాలు పైనే పోయాయి. బాబాయి ఒక్క ఉరుకులో వెళ్ళి సిలిండరు కట్టేశాడు. మంట ఆరింది. లోపల్నుంచి పెద్ద కేక. పిన్ని గడియ తీసుకుని, కట్టుచీరతోనే తడిసి ముద్దయి వచ్చింది.

"చన్నీళ్ళు పోస్తారా నా మీద?"

బాబాయి ఆవిడ చేతులు పట్టుకుని దూరంగా అరుగుమీద కూర్చోబెట్టాడు. "తల తిరుగుతోందా? గట్టిగా ఊపిరి తీసుకో. నేను చూడకముందే ఎందుకెళ్ళావే? ఏదైనా అయితే ముందు నాకవ్వాలి కదా!"

నాకు విరిగిన కుర్చీ గుర్తొచ్చింది. పాడైన కూరా గుర్తొచ్చింది. పిన్నికి ఇంకేం గుర్తొచ్చిందో, తడి కొంగు పిండుకుంటూ ఆయన వైపు తిరిగింది.

"మరి పెళ్ళి భోజనం?" అంది చివరికి, గొంతు తగ్గించి.

"ఆ వంటవాడి మీద నాకు నమ్మకం లేదు."

గీజరును కిటికీ లేని వెనకవైపుకు మార్చాం. అన్నీ బార్లా తెరిచి బాబాయే తొలి స్నానం చేశాడు. "ఉన్నారా?" అని పిన్ని బయటినుంచి పిలుస్తూనే ఉంది. ఆ తర్వాత తను వెళ్ళి, నీళ్ళన్నీ అయిపోయేదాకా బయటికి రాలేదు.

ఆ సంబరంలో బాబాయి వ్యాను పొయ్యి మీద మొదటిసారి టీ కాచాడు. కప్పు ఆయన నోటిదాకా వెళ్ళేలోపే పిన్ని లాక్కుంది.

"ముందు నేను!"

ఒక్క గుక్క తాగి, ముఖం చిట్లించి, మిగతాది నేలపాలు చేసింది.

"ఉప్పేశారు," అంది.