తమ్ముడి మీద కేసు

టైలరమ్మ నోరు ఆమె కత్తెర కన్నా పదునని వీధిలో అందరూ ఎరుగుదురు. పురిట్లోనే తమ్ముడి భార్య పోతే, ఆ పసిగుడ్డును తెచ్చుకుని పెంచింది. పిల్ల బడికెళ్లే వయసు రాగానే, లారీ మెకానిక్కయిన తమ్ముడు "నా కూతురు నా దగ్గరే ఉంటుంది" అని పట్టుకుపోయాడు. అప్పటినుంచి అక్కాతమ్ముళ్లు ఉప్పూ నిప్పూ.

పిల్లకు పద్నాలుగేళ్లొచ్చాయి. ఒక సాయంత్రం జాకెట్టు కొలతలకని వచ్చి, తూలి మిషన్ మీద పడబోయింది. నోటినుంచి బ్రాందీ వాసన గుప్పుమంది.

"ఎవరు పోశారే?"

"నాన్నే. బయట ఎవడి దగ్గరో నేర్చుకునేకన్నా ఇంట్లో నయమన్నాడు."

టైలరమ్మ కుడుతున్న గుడ్డ మిషన్ మీదే వదిలేసి పోలీస్ స్టేషన్‌కు వెళ్లింది. హెడ్ కానిస్టేబుల్ అంతా విని పెదవి విరిచాడు.

"దుకాణంవాడు పోస్తే లోపలేస్తాం. ఇంకొకరింట్లో పోసినా కేసే. సొంతింట్లో కన్నతండ్రి పోస్తే మాత్రం చట్టం అడ్డు చెప్పదమ్మా."

"కన్నవాడు పోస్తే లివరు కాలదా?"



అక్క స్టేషన్‌కెళ్లిందనీ, తన మీద కేసు కుదరదన్నారనీ తమ్ముడి చెవిన పడింది. ఆదివారం మధ్యాహ్నం కూతుర్ని వెంటేసుకుని అక్క ఇంటికొచ్చాడు. కుర్చీ లాక్కుని కూర్చుని, సంచిలోంచి సీసా తీసి గ్లాసులో పోశాడు.

"తాగమ్మా. మీ అత్త ఏం చేసుకుంటుందో చూద్దాం."

పిల్ల బెదురుతూనే ఒక గుక్క మింగింది. టైలరమ్మ గ్లాసు లాక్కుంది, సీసా అందుకుంది, బయటికొచ్చి తలుపు గడియ పెట్టి స్టేషన్‌కు ఫోన్ చేసింది.

"తలుపు తియ్యవే."

"ఇది నా ఇల్లురా. నీ చట్టం నీ గడప దాకే."

పోలీసులు వచ్చి తలుపు తీయించారు. జీపెక్కబోతూ తమ్ముడు వెనక్కి తిరిగాడు.

"నువ్వు తోబుట్టువువా, రాబందువా?"

"రాబందునే. నువ్వు పిల్లను పీనుగను చేస్తుంటే ఇంకెవరొస్తారు?"

కోర్టు అతనికి జరిమానా వేసి, పిల్లను మేనత్త దగ్గర ఉంచమంది. బంధువులు టైలరమ్మ గుమ్మం తొక్కడం మానేశారు. అందరికన్నా ఎక్కువ కక్ష కట్టింది పిల్లే. పేరు పెట్టి పలకరించినా పలకదు, కంచం తీసుకుని గోడవైపు తిరిగి కూర్చుంటుంది.

"నువ్వు చచ్చినా ఏడవను" అంది ఒకరోజు.

"ఏడవకు. తిట్టుకో, నీ ఇష్టం. తిన్నాక తిట్టుకో" అని టైలరమ్మ ఇంకో గరిటె వడ్డించింది.

పిల్ల కంచం నెట్టేసింది. కాసేపటికి ఆకలికి ఓర్వలేక మళ్లీ దగ్గరికి లాక్కుంది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.