మొహం కనపడని పలక

రాజమండ్రిలో మా ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబ్ అటెండరుగారికి ఏ లోహం కనిపించినా చింతపండుతో తోమడమే పని. "మొహం కనపడాలండీ!" అనేవారు.

మర్నాడు పోటీ అనగా, మేం చేసిన బుల్లి ఉపగ్రహంలో వేడిని బయటికి పంపే పలకనీ తోమేశారు. దాని నల్లరంగుని మసి అనుకున్నారు! మేం ఉపగ్రహాన్ని గాలి తోడేసిన పెట్టెలో పెట్టి నడిపి చూస్తే లోపల వేడి ఎక్కుతూనే ఉంది.

"బాబాయ్‌గారూ, అంతరిక్షంలో గాలుండదు కదండీ. వేడంతా ఈ పలకమీంచే కిరణాల్లా పోవాలి. మెరిస్తే పోదండీ," అన్నాం.

ఆయన బ్రష్ లాక్కుని తనే నల్లగా పూశారు. రంగు ఆరాక మళ్ళీ పెట్టాం. వేడి చూపే అంకెలు దిగుతున్నాయి! మాకంటే ముందు ఆయనే కేకేశారు: "పోతోందండీ, పోతోంది!"

బయటికి తీశాక పలకలోకి తొంగిచూసి, "మొహం కనపడట్లేదండీ!" అంటూ పొంగిపోయారు. ఆ పలకని మళ్ళీ ఎవర్నీ గుడ్డతో తుడవనివ్వలేదు.